బ్రేక్ తీగల శారద

మా ముత్తాత నరసింగరావు గారు గోదావరి ఒడ్డున పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం కనుమరుగయ్యేదాకా చావడిలో ఎవరూ కూర్చునేవారు కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. అందులో గౌరవమెంతో, భయమెంతో నేను విడదీసి చెప్పలేను. మా తాత రంగారావు గారి కాలానికి గుర్రాలు పోయి గుర్రపుశాల మిగిలింది. అయినా పంచాయితీ జరిగితే మా గడి అరుగు మీదే జరగాలి. కోతలయ్యాక ఊళ్లో కథ చెప్పించాలంటే ఆయన వెండి పాన్‌దాన్ తెరిచి తాంబూలం ఇవ్వాలి. మా నాన్న మాధవరావు గారి కాలానికి ఆ శాల కూడా కూలిపోయింది. నేను, రాఘవరావును, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఇనుప పనుల కంపెనీకి స్టోర్ ఇన్‌చార్జిని. ఇస్త్రీ లేని చొక్కాతో ఒక్కనాడూ డ్యూటీకి పోలేదు.

ఈ పేర్లు నాకు మాటలుగా గుర్తుకు రావు, పాటగా వస్తాయి. నిన్న సాయంత్రం కంపెనీ గేటు దాటి వస్తుంటే సైకిళ్లు బాగుచేసే దుకాణం ముందు ఒకతను కొత్త బ్రేక్ తీగను లాగి కట్టి, బిగిసిందో లేదో చూడటానికి వేలితో మీటాడు. సన్నగా, కొంచెం బొంగురుగా ఒక శబ్దం. ట్రైలర్ల హారన్లు, డీజిల్ వాసన, ఎండ అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నా ఒళ్లు మాత్రం జల్లుమంది. "భాయ్, ఔర్ ఏక్ బార్ బజావ్" అన్నాను. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నవ్వి, మళ్లీ మీటాడు. ఆ తీగ మీద నాకు గంగారాం గొంతు వినిపించింది. నడిరోడ్డు మీద నిలబడి నవ్వుతున్నానని కాసేపటికి గాని తెలియలేదు.

గంగారాంను మీరు చూసి ఉండరు. టీవీలో రాలేదు, ఏ సన్మానమూ జరగలేదు. యాభై దాటిన మనిషి, బక్కపలుచన, చెవులకు రాగి పోగులు. మా కంపెనీలో స్ప్రే పెయింటర్. పొద్దంతా మాస్కు పెట్టుకుని ఇనుప దూలాలకు రంగు కొట్టే ఆ మనిషి నిజంగా ఏమిటో కంపెనీలో ఎవరికీ తెలియదు. నాకు తెలిసింది కరోనా ఆంక్షలు సడలి, యార్డు మళ్లీ నిండుగా మొదలైన రోజుల్లో. చేతి తొడుగుల కోసం వచ్చినవాళ్లు స్టోర్ కిటికీ ముందు వరుస కట్టారు. ఆయన వంతు వచ్చింది. కొత్తగా చేరాడు కాబట్టి ఊరి పేరు అడిగాను. చెప్పాడు. అది మా ఊరికి పక్క ఊరు. నాది ఫలానా ఊరు అన్నాను.

ఆయన మాస్కు కిందికి లాగాడు. "గడి వాళ్లా?"

"రంగారావు గారి మనుమణ్ణి."

ఆయన రెండు అడుగులు వెనక్కి వేశాడు. వెనకున్నవాళ్లు ఏదో గొడవ అనుకున్నారు. కుడిచేయి చెవి మీద పెట్టి, థిన్నర్ డబ్బాల మధ్య, బయట ఫోర్క్‌లిఫ్ట్ కీచుమంటుండగా, నిండు గొంతుతో ఎత్తుకున్నాడు:

"గోదారి గట్టు మీద గొడుగు వట్టిన ఇల్లు
నరసింగు దొర ఇల్లు, నాలుగు దిక్కుల ఇల్లు
రంగా దొర చేతిల తాంబూలమందితే
రాయి గూడ కథ జెప్పు వెండి పాన్‌దానిల్లు..."

నా చేతిలోని తొడుగుల కట్ట బల్ల మీద జారిపడింది. నా ముత్తాత పేరును ఇంటి బయట ఒక మనిషి నోట వినడం అదే మొదటిసారి. ఆయన పాడుతూ పాడుతూ మా నాన్న పేరు దగ్గరికి వచ్చి టక్కున ఆపాడు. కుడిచేయి పైకెత్తి నన్నే చూస్తూ నిలబడ్డాడు. నేనూ ఆయన్నే చూస్తున్నాను. వరుసలో ఎవడో, "యల్లా భాయ్, జల్ది, గ్లౌజులిస్తరా, టికెట్లిస్తరా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

"కానియ్యి అనాలె దొరా" అన్నాడు గంగారాం చిన్నగా. "కథ జెప్పిచ్చెటోళ్ల వంశం పాడినంక మేము ఆగుతం. ఇంటి పెద్ద కానియ్యి అంటేనే కథ నడుస్తది. అనకపోతే నిలవడుడే. మా తాతను మీ తాత ఒకపారి చుట్ట తాగి అయిపోయేదాంక నిలవెట్టిండట."

నేను వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, "కానియ్యి" అన్నాను.

"ఇంత మెల్లగంటే మేక గూడ కదలదు దొరా."

"కానియ్యి!"

ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తొడుగులు తీసుకుని వెళ్తూ తిరిగి వచ్చి అడిగాడు. "పాన్‌దాన్ భద్రమేనా?" లేదు, మా నాన్నగారి కాలంలోనే పోయింది అన్నాను. అలాంటివి అడిగించుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. నా ముఖం బిగుసుకుని ఉంటుంది. ఆయన మాత్రం, "పాటల ఉన్నది గద. పాటలకెల్లి ఎవడు దీస్కపోతడు" అని మాస్కు పెట్టుకుని వెళ్లిపోయాడు.

గంగారాం వాళ్లది శారద కథల కుటుంబం. శారద అంటే వాళ్ల తీగ వాయిద్యం, తంబూరాకు తమ్ముడిలా ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుని ఒక చేత్తో మీటుతారు, రెండో చేతి వేళ్లకు తొడిగిన ఇత్తడి అందెలను ఘల్లుమనిపిస్తారు. పక్కన ఇద్దరు చిన్న డోళ్లు వాయిస్తూ వంత పాడతారు. గంగారాం తండ్రి కథ చెబితే తల్లి వంత. గంగారాం చెబితే భార్య రాజవ్వ వంత. వాన పడని ఏడాది కథ చెప్పించేవాళ్లు తగ్గారు, తర్వాత వానలు పడినా పెరగలేదు. శారదను తమ్ముడి ఇంట్లో దూలానికి వేలాడదీసి ఆయన దుబాయ్ వచ్చాడు. షార్జా అయినా, అబుదాబి పక్కన బనియాస్ అయినా మా వాళ్లకు అంతా దుబాయే.

చేతిలో శారద లేకపోతే నోరు మూగబోయినట్టుందని ఆయన అంటుంటే పనివాళ్లు ఉండే క్యాంపులో ఆయన గదివాళ్లే పూనుకున్నారు. లచ్చన్న అని ఫిట్టర్, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. యార్డుకు యంత్రాలు దిగిన ప్యాకింగ్ పెట్టెల నుంచి మంచి చెక్క ఏరి, సెలవు రోజుల్లో చెక్కి, బుర్ర, దండి తయారు చేశాడు. భూమన్న అనే వెల్డర్ బక్రీదు తర్వాత మాంసం మార్కెట్‌లో అడిగి మేక తోలు తెచ్చాడు. ఎండబెట్టినన్ని రోజులూ గది కంపుకొట్టింది, క్యాంపు బాస్ వచ్చి తిట్టి పోయాడు. తీగలకు ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. సైకిల్ దుకాణం అన్వర్ భాయ్ పెషావర్ మనిషి. బ్రేక్ తీగ పేటలు విప్పి, ఒక్కొక్క పోగూ వేరు చేసి ఇచ్చాడు. "మీ దేశం పాటకు మా దేశం బ్రేకు" అని హిందీలో వేళాకోళం చేశాడు.

మొదటిసారి అది మోగిన సాయంత్రం నన్ను కూడా పిలిచారు. క్యాంపు వెనక నీళ్ల ట్యాంకు నీడలో దుప్పటి పరిచారు. నాకు మాత్రం ఎక్కడినుంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. గంగారాం తీగలు బిగించి మీటాడు. ఊరి శారదలా మృదువుగా లేదది. గరగరలాడింది, బెదిరింది, గోడకు తగిలి తిరిగి వచ్చింది. గంగారాం కళ్లు మెరిశాయి. "ఇది ఏడుస్తలేదు దొరా, కొట్లాడుతున్నది!" అన్నాడు. లచ్చన్న ఖాళీ పెయింట్ బకెట్ బోర్లించి దరువు మొదలుపెట్టాడు.

వంతకు రాజవ్వ కావాలి కదా. గంగారాం ఫోన్‌ను నీళ్ల పైపు మీద నిలబెట్టి వీడియో కాల్ చేశాడు. అటు ఇంటి వాకిట్లో రాజవ్వ డోలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిక్కేమిటంటే ఆమె వంత ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. ఆయన చరణం ముగిస్తే మౌనం, తర్వాత ఆమె గొంతు. మొదట ఇద్దరూ తడబడ్డారు.

"నువ్విట్ల వాయిస్తె ఎవ్వడు నడుస్తడే? ఎద్దు బండెక్కి వస్తున్నవా?" అన్నాడాయన.

"నువ్వే లేట్గున్నవ్. సముద్రం అవుతల గూసున్నది నేనా?" అందావిడ. పక్కనున్నవాళ్లు పడి పడి నవ్వారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను ఎన్నటికీ మరువను. ఆ ఆలస్యాన్ని తాళంలోకి తీసుకున్నాడు. చరణం చివర ఒక దీర్ఘం లాగి, అందెలు మూడుసార్లు ఘల్లుమనిపించేవాడు. సరిగ్గా మూడోది మోగేసరికి సముద్రం దాటి ఆమె గొంతు వచ్చి అందులో కూర్చునేది. సిగ్నల్ బాగా లేని రోజు దీర్ఘం పెంచేవాడు. ఆ దీర్ఘంలోనే దుబాయ్ ఉందని నాకు అనిపించేది. వినేవాళ్లు ఊపిరి బిగబట్టేవారు, ఆమె గొంతు రాగానే "హోయ్" అనేవారు. నేను ప్లాస్టిక్ కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నానని గమనించుకుని వెనక్కి జరిగేవాణ్ణి. కథ పాత రాజులదే. కానీ రాజు అడవికి పోయే చోట ఏసీ లేని బస్సు వచ్చేది, రాణి కబురు పంపే చోట రీచార్జి అయిపోయేది. ఎప్పుడూ మొదట మా వంశం పాడేవాడు, ఆగేవాడు, నేను "కానియ్యి" అనేవాణ్ణి. వారానికోసారి నా పూర్వీకులు ఆ ట్యాంకు నీడలో లేచి నిలబడేవారు. నేను దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఉన్న మా చిన్న ఫ్లాట్‌కు తిరిగి వచ్చాక కూడా మెడ ఎత్తే ఉండేదని మా ఆవిడ వసుధ నవ్వేది. "ఏమండీ, గుర్రం ఎక్కడ కట్టేశారు?" అనేది.

అలా రెండు చలికాలాలు గడిచాయి. మూడో చలికాలానికి ముందు కంపెనీ పెయింట్ పనిని బయటివాళ్లకు ఇచ్చేసింది. మేనేజర్, అదే ముదీర్, పిలిచి, కాగితం చేతికిచ్చి, ఖలాస్ అన్నాడు. పెయింటర్లందరికీ నెలాఖరుకు టికెట్లు. గంగారాం దిగులు పడలేదు. నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగాడు. "దొరా, నేను చెట్ల కింద జెప్పిన, చావడిల జెప్పిన, ట్యాంకు కింద జెప్పిన. లైట్ల కింద, మైకు వెట్టి, మందిల ఒక్కపారి జెప్పి పోతా. ఇంటికాడ ఇగ పిలిచెటోళ్లు లేరు. ఇదే ఆఖరుది."

ఆ నెలలోనే దుబాయ్‌లో మన తెలుగువాళ్ల సాంస్కృతిక కార్యక్రమం ఉంది, ఒక స్కూల్ ఆడిటోరియంలో. నిర్వాహకుల్లో ఒకరైన కృష్ణప్రసాద్ గారు భీమవరం వైపు మనిషి, మంచివారు, ఎప్పుడూ హడావిడి. ఎవరినీ ఏదీ అడగని నేను ఆయన ఆఫీసుకు వెళ్లి అడిగాను. "అయ్యో రావు గారూ, మీరు ఇంతదూరం రావాలాండీ? పిల్లల డాన్సుకు ముందు పావుగంట ఇస్తాను. కానీ టైమంటే టైమేనండోయ్, హాలు వాళ్లు కరెంటు తీసేస్తారు" అన్నారు.

నేను ఎంత ఉత్సాహపడ్డానో చెప్పలేను. తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేశాను. అబుదాబిలో మా మేనమామ కొడుకు ఉన్నాడు, పెద్ద ఉద్యోగం, మా గడి పోయిన సంగతి పది మందిలో చెప్పే రకం. అతన్ని కుటుంబంతో సహా పిలిచాను. మైకులో మా ముత్తాత పేరు వాడు వినాలి. వసుధ కరామా బజారుకు వెళ్లి తమలపాకులు, వక్కలు తెచ్చింది. పెట్టడానికి మా ఇంట్లో తగిన పాత్ర లేక టిఫిన్ బాక్సులో సర్దింది.

ఆ రోజు తెర వెనక ఆ బాక్సు తెరిచి ముందు పెడితే గంగారాం నమస్కారం చేశాడు గానీ తీసుకోలేదు. "ఇయ్యాల తాంబూలం అందింది దొరా. మీది అయిపోయినంక తీస్కుంట" అన్నాడు. ఎవరిచ్చారని అడిగే సమయం లేదు. బాక్సుతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాను. పక్కన వసుధ, ఆ పక్కన మా బావ. వెనక వరుసలన్నీ బస్సుల్లో వచ్చిన క్యాంపు మనుషులు, ఉతికిన చొక్కాలతో, బెరుకుగా.

తెర లేచింది. లైట్ల కింద గంగారాం, భుజాన బ్రేక్ తీగల శారద. పక్కన బకెట్‌తో లచ్చన్న, స్టూలు మీద ఫోన్‌లో రాజవ్వ, ఆ ఫోన్‌కు ఎదురుగా ఒక మైకు. తీగ మోగగానే హాలంతా ఒక్కసారి నిటారైంది. నేను బావ వైపు చూసి, గోదారి గట్టు కోసం ఎదురుచూశాను. గంగారాం ఎత్తుకున్నాడు:

"ఇసుక మీద ఇనుము నాటి మిద్దెలేసినోళ్లు
మిద్దెల మీద నిలవడి మబ్బు దుడిసినోళ్లు
లసుమవ్వ కొడుకు లచ్చన్న చెక్క దెచ్చినోడు
పోశవ్వ కొడుకు భూమన్న తోలు దెచ్చినోడు
పేరు దెల్వని తల్లి గన్న అన్వరు తీగిచ్చినోడు..."

ఒక్కొక్క పేరూ తల్లి పేరుతో సహా వస్తోంది. యార్డులో నంబరుతో పిలిచే మనుషులు. వెనక వరుసల్లో గుసగుస లేచింది, తర్వాత అదీ ఆగింది. భూమన్న లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. మా ముత్తాత రాలేదు. మా తాత రాలేదు. బావ నా చెవి దగ్గరికి వంగి, "ఇదేనా మీ వంశం?" అన్నాడు. నా చెవులు కాలిపోయాయి.

చివరి పేరు దగ్గర గంగారాం ఆగాడు. అందెల చేయి పైకెత్తి నిలబడ్డాడు.

కానియ్యి అనాల్సింది ఎవరు? కథ చెప్పించినవాళ్లు. అంటే వెనక కూర్చున్నవాళ్లు. తరతరాలుగా వాళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు. ఆ హక్కు ఎప్పుడూ ఇంకొకరిది. లచ్చన్న భూమన్నను చూశాడు, భూమన్న పక్కవాణ్ణి చూశాడు. నోళ్లు తెరుచుకున్నాయి, మాట రాలేదు. ఒక నిమిషం గడిచి ఉంటుంది. కృష్ణప్రసాద్ గారు వంగి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "రావు గారూ, మీ వాడు పాట మర్చిపోయినట్టున్నాడండీ. పర్లేదు, కొత్త కదా. పిల్లల్ని పంపించేస్తాను" అన్నారు. రెక్కల చొక్కాలు తొడుక్కున్న పిల్లలు అప్పటికే మెట్ల దగ్గర నిలబడ్డారు. యాంకరమ్మ మైకు అందుకుని చప్పట్లు మొదలుపెట్టింది. ఎవరో వెనకనుంచి ఆమెకు తోడయ్యారు. గంగారాం కదల్లేదు. కదిలితే కథ చెడుతుంది. చప్పట్లతో పంపిస్తే ఆయన అలాగే మెట్లు దిగి, అలాగే విమానం ఎక్కుతాడు. ఆయన నా వైపు చూడను కూడా లేదు, వెనక వరుసల్నే చూస్తున్నాడు.

నా ఇంటిది కాని వంశానికి నేను కానియ్యి అనాలా? మా తాత అనేవాడా? ఆ ఆలోచన పూర్తయ్యే లోపే నేను లేచాను. ఒళ్లో ఉన్న టిఫిన్ బాక్సు కిందపడి తమలపాకులు కార్పెట్ మీద చెల్లాచెదురయ్యాయి. వెన్ను నిటారుగా పెట్టాను. పన్నెండు ఊళ్లకు వినపడేలా అరిచాను.

"కానియ్యి!"

అందెలు ఘల్లుమన్నాయి. బకెట్ ఉరిమింది. దీర్ఘం, ఒకటి, రెండు, మూడు, సముద్రం దాటి రాజవ్వ వచ్చి తాళంలో కూర్చుంది. హాలు పైకప్పు లేచిపోయింది. మెట్ల దగ్గరి పిల్లలు రెక్కలు ఆడిస్తూ అక్కడే ఎగరడం మొదలుపెట్టారు. కథ సగంలో గంగారాం మళ్లీ ఆగాడు, మళ్లీ చేయి ఎత్తాడు. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను. వెనక నుంచి మొదట ఒక గొంతు, భూమన్నది, చిన్నగా, "కానియ్యి". తర్వాత పది గొంతులు. తర్వాత అన్ని వరుసలూ. "కానియ్యి!" పావుగంట ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియదు. కృష్ణప్రసాద్ గారు స్విచ్ బోర్డు దగ్గర హాలు మనిషిని రెండు చేతులతో అడ్డుకుంటూ, "ఇంకొక్క చరణం బాబూ, ఇంకొక్కటే" అంటుండటం నేను చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు గంగారాం నా కారులోనే కూర్చున్నాడు. వసుధ ఏరి తుడిచిన ఆకుల బాక్సు ఆయన ఒళ్లో ఉంది.

"కోపమొచ్చిందా దొరా?"

"ముందే చెప్పొచ్చు కదా."

"జెప్తే మీరు మీ బావను పిలుస్తరా? పిలవకపోతే ముందట కూసుందురా?" నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "ఎవలు కథ జెప్పిస్తే వాళ్ల వంశం పాడాలె. అది మీ తాత వెట్టిన పద్ధతి గాదు, మాది. ఇయ్యాల ముందుగాల తాంబూలమిచ్చింది వాళ్లే, ఈ శారదల చెక్క వాళ్లది, తోలు వాళ్లది. మరి నేను వాళ్ల పేర్లు పాడకుంటె మా తాత ఒప్పుకుంటడా?"

"మరి నేను అనకపోయి ఉంటే?"

"అంటరు. ఆ గొంతు మీ ఇంట్ల వుట్టింది, ఊకె ఎట్ల కూసుంటది?" బాక్సు తెరిచి ఒక ఆకు తీసి, వక్క పెట్టి, దవడన పెట్టుకున్నాడు. "ఇగ అందింది."

ఆయన వెళ్లిపోతూ శారదను లచ్చన్నకు ఇచ్చాడు. ఊళ్లో రాజవ్వ పక్కనే కూర్చుని, ఆలస్యం లేకుండా వంత వస్తుంటే, "ఏదో తక్కువైనట్టున్నది" అని ఫోన్‌లో నవ్వేవాడు. పోయిన వానాకాలంలో కన్నుమూశాడు. ఆ కబురు వచ్చిన ఆదివారం ట్యాంకు కింద లచ్చన్న కథ ఎత్తుకుని మొదట పాడింది గంగారాం తల్లి పేరు, గంగారాం పేరు.

ఇప్పుడు షార్జాలోనే కాదు, బనియాస్‌లోనూ ఆ పద్ధతి నడుస్తోంది. గది వాళ్లంతా కలిసి కథ చెప్పిస్తారు, తమ పేర్లు తల్లుల పేర్లతో పాడించుకుంటారు. ఫోన్ వస్తుంది. "దొరా, ఆదివారం కథున్నది. మొదటి కానియ్యి మీదే, రావాలె." ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తాను. వసుధ టిఫిన్ బాక్సులో తాంబూలం సర్ది ఇస్తుంది. నాకు తెలియని తల్లుల పేర్లు ఒక్కొక్కటీ వింటాను. పాట ఆగినప్పుడు లేచి నిలబడతాను. అప్పుడు నా వెన్ను మా ముత్తాత వెన్నులాగే నిటారుగా ఉంటుంది. అనే మాట మాత్రం గంగారాం నేర్పినట్టుగా అంటాను.

తరిపొలం, మామిడితోట, గడి తలుపులు అమ్మిన తర్వాత మా నాన్నగారు వెండి పాన్‌దాన్ కూడా అమ్మేశారు. జగిత్యాలలో దాన్ని కొన్నాయన ఆ వారమే కరిగించాడు.